రెండు గంటలకు డెబ్భై రెండు

క్యాంటీను హాల్లో నూట నలభైమంది నిలబడి ఉన్నారు. కుర్చీలు మూడే. ఒకదాంట్లో మేనేజరు, ఒకదాంట్లో ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు, మూడోదాంట్లో మన యూనియన్ సెక్రటరీ. సెక్రటరీ కాలు మీద కాలేసుకుని కూర్చున్న తీరు చూస్తేనే విచారణ ఎటు పోతోందో అందరికీ అర్థమైపోయింది.

మేనేజరు లాగ్‌బుక్కు చదువుతున్నాడు. రియాక్టరులో వేడి ఎంతుందో ఆపరేటర్లు గంటగంటకీ రాసే పుస్తకం అది.

“మూడో నంబరు రియాక్టరు. పొద్దున ఏడింటికి డెబ్భై రెండు డిగ్రీలు. ఎనిమిదింటికి డెబ్భై రెండు. తొమ్మిదింటికి డెబ్భై మూడు...” ఒక్కో అంకె దగ్గరా ఆగి ఇన్‌స్పెక్టరు మొహంలోకి చూస్తూ ఒంటిగంట దాకా వచ్చాడు. “ఒంటిగంటకు డెబ్భై రెండు. చూశారుగా సార్. ఎనభై అయిదు దాటితేనే ప్రమాదం. ఒంటిగంటకు ఇంత బాగున్న రియాక్టరు ఒకటీ యాభైకి పేలిందంటే ఒకటే కారణం. ఆ మనిషి అజాగ్రత్తగా ఏదో వాల్వు తిప్పేశాడు. పోయినవాణ్ణి అనకూడదు గానీ, నిజం నిజమే కదా.”

చదవడం అయిపోయింది గానీ పుస్తకం మూయలేదు. పేజీ అడుగున బొటనవేలు ఆనించి అలాగే పట్టుకున్నాడు.

ఆ వేలు కింద ఏముందో హాల్లో ఇద్దరికే తెలుసు. ఒకడు మేనేజరు. రెండోవాడు ముందు వరసలో టోపీ చేత్తో నలుపుతూ నిలబడ్డ పెద్ద ఆపరేటరు. ఆ పేజీ రాసింది అతనే.

అతన్ని ప్లాంటులో అందరూ దస్తూరి అంటారు. రాస్తే ముత్యాలు పేర్చినట్టుంటుంది. సెలవు చీటీ కావాలన్నా, పిల్లల బడికి దరఖాస్తు కావాలన్నా అందరూ అతని దగ్గరికే వస్తారు. ఇరవై ఆరేళ్ళుగా ఆ షిఫ్టు పుస్తకం అతని చేతి మీదుగానే నడిచింది. తన చెయ్యి చూసుకుని లోలోపల కాస్త మురిసిపోయేవాడు కూడా.

“ఇది నీ రాతేనా?” ఇన్‌స్పెక్టరు అడిగాడు.

“నాదే సార్.”

“అంకెలు సరైనవేనా?”

దస్తూరి గుమ్మం వైపు చూశాడు. వాచ్‌మన్ అడ్డంపెట్టిన కర్రకు అవతల పోయినవాడి భార్య నిలబడి ఉంది. కంపెనీ మనిషి కాదని ఆమెను లోపలికి రానివ్వలేదు. భర్త పోయి పదకొండు రోజులు. ఆమె ఎవరి వైపూ చూడటం లేదు, దస్తూరి నోటి వైపే చూస్తోంది.

“సరైనవే సార్.”

అన్నాక అతనికి తల కొట్టేసినట్టయింది. మేనేజరు తల పంకించాడు. సోమవారం పదకొండు గంటలకు మళ్ళీ వచ్చి సంతకాలు తీసుకుని ప్లాంటు నడపడానికి అనుమతి ఇస్తానని చెప్పి ఇన్‌స్పెక్టరు లేచాడు. గుమ్మంలో ఆమె లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బయటివాళ్ళకు చెప్పినా నమ్మరు, లోపలివాళ్ళకు చెప్పనే అక్కర్లేదు. ఆ ప్లాంటులో షిఫ్టు పుస్తకం షిఫ్టు మొదలవగానే పూర్తవుతుంది. పొద్దున్న ఆరింటికి టీ గ్లాసు పక్కన పెట్టుకుని దస్తూరి మధ్యాహ్నం రెండింటి దాకా ఉన్న గళ్ళన్నీ నింపేస్తాడు. డెబ్భై రెండు, డెబ్భై రెండు, నిజంలా కనబడాలి కాబట్టి మధ్యలో ఒక డెబ్భై మూడు. తర్వాత టీ తాగి పనిలోకి దిగుతాడు.

బద్ధకం అనుకుంటే పొరపాటు. నాలుగు రియాక్టర్లకు ఇద్దరు మనుషులు. ఒకచోట కారుతుంటే బిగించి వచ్చేసరికి ఇంకోచోట మొదలవుతుంది. మూడంతస్తులు ఎక్కి గంటగంటకీ అంకె చూసి వచ్చే తీరికెక్కడిది? అదొక్కటే అయితే ఎలాగో తిప్పలు పడేవాళ్ళు. మూడేళ్ళ కిందట ఒక ఆపరేటరు ఉన్నదున్నట్టు తొంభై ఒకటి అని రాశాడు. మర్నాడు పై గదిలోకి పిలిచారు. తొంభై ఒకటి ఎందుకయిందని ఎవరూ అడగలేదు, ఎందుకు రాశావని అడిగారు. నెల తిరక్కుండా అతన్ని ఇంటికి పంపారు. ఆ తర్వాత ఆ ప్లాంటులో వేడి డెబ్భై మూడు దాటలేదు.

పుస్తకంలో దాటలేదు. రియాక్టరులో మాత్రం రోజూ దాటేది. రెండు ద్రవాలు కలిస్తే వేడి పుడుతుంది. ఆ వేడిని రియాక్టరు చుట్టూ తిరిగే చల్లనీళ్ళు ఎప్పటికప్పుడు లాక్కుపోవాలి. అందుకే రెండో ద్రవాన్ని ఆరుగంటలసేపు కొంచెం కొంచెంగా పోయాలని మొదట్లో పెట్టిన నియమం. సరుకు ఎక్కువ కావాలని మేనేజరు దాన్ని నాలుగు గంటలు చేశాడు. నీళ్ళు చల్లబరిచే యంత్రం పాతది, దాని శక్తి అంతే. ఎనభై అయిదు దాటగానే పోత దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఒకటి ఉండేది. అది మాటిమాటికీ ఆపేస్తోందని ఒక వైరు ముక్క అడ్డంగా కట్టి దాని నోరు మూయించారు. బస్తాలు మాయమవుతున్నాయని వెనక తలుపు రెక్కల మధ్యనుంచి గొలుసు దూర్చి తాళం పెట్టారు. ఒక్కొక్కటీ చూస్తే చిన్న పనే. ఒక్కొక్కటీ మన చేతులతోనే చేయించారు.

పోయినవాణ్ణి గడియారం అనేవాళ్ళు. దస్తూరితో పాటు షిఫ్టులో ఉండే రెండో మనిషి. ఏం పని మీదున్నా గంట కాగానే మెట్లెక్కి మీటరు చూసి, ఆ బ్లాకులో స్తంభం మీద సుద్దముక్కతో టైమూ అంకే గీసి వచ్చేవాడు. “నీ పుస్తకం కంపెనీకి అన్నా, నా స్తంభం మనకి,” అని నవ్వేవాడు. అందరూ అతన్ని ఆటపట్టించేవాళ్ళు. దస్తూరి కూడా.

ఆ రోజు ఒకటో నంబరు దగ్గర పంపు కారుతుంటే దస్తూరి బ్లాకు ఈ చివర దానితో కుస్తీ పడుతున్నాడు. గడియారం పైకెళ్ళాడు. ఒకటీ యాభైకి నేల అదిరింది. తర్వాత అతన్ని వెనక తలుపు దగ్గర వెతికిపట్టుకున్నారు. పోత వాల్వు కట్టేసి ఉంది. అంటే కట్టేసే పరిగెత్తాడు. గొలుసు ఒక కొస అతని పిడికిట్లోనే ఉంది.

ఇక మేనేజరు వేలు కింద ఉన్నది. రెండు గంటలకు డెబ్భై రెండు. పొద్దున్న ఆరింటికి దస్తూరి చేత్తో ముచ్చటగా రాసిన అంకె. రెండు గంటలకు అక్కడ రియాక్టరే లేదు.

*

ఇంటికొచ్చేసరికి భార్య నేల మీద కూర్చుని ఉంది. ఆమె ప్యాకింగులో కాంట్రాక్టు కూలీ. పొడి బస్తాల్లోకి ఎత్తి తూకం వేసే చోటు. రియాక్టర్ల బ్లాకుకీ దానికీ మధ్య ఒకటే గోడ, ఆ గోడకే ఆ తలుపు. ప్రమాదం జరిగిన దగ్గర్నుంచి ఆమె అవసరానికి తప్ప మొగుడితో మాట్లాడలేదు.

“నువ్వు చెప్పింది తెలిసింది,” అంది.

“ఏం చెయ్యమంటావు? విచారణకి ముందు మేనేజరు గదిలోకి పిలిచాడు. పుస్తకం అబద్ధమన్నావంటే దొంగలెక్కలు రాసినందుకు నువ్వే జైలుకి పోతావన్నాడు. రాసింది నేనే కదా.”

“అతను తలుపు ఎన్నిసార్లు కొట్టాడో తెలుసా నీకు?”

దస్తూరి చెప్పులు విప్పబోయి ఆగాడు.

“నాకు తెలుసు. మేం ఎనిమిదిమందిమి ఇవతల్నుంచి లాగాం. గోళ్ళు ఊడినాయి గానీ గొలుసు ఊడలేదు. తాళంచెవి గేటు దగ్గర. ఒకత్తి పరిగెత్తి తెచ్చేలోపల కొట్టడం ఆగిపోయింది.” ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. “ఇంకోటి చెప్తాను విను. మర్నాడు సూపర్‌వైజరు నాకు సున్నం బకెట్టు ఇచ్చాడు. బ్లాకంతా మసిబారిపోయుంటే ఒక్క స్తంభానికే సున్నమెందుకు సారూ అన్నాను. చెప్పింది చెయ్యి అన్నాడు. చేశాను.”

“స్తంభమా?”

“ఆ స్తంభమే. వెయ్యబోయే ముందు చూశాను. ఒంటిగంటకి తొంభై. ఒకటిన్నరకి తొంభై ఏడు. ఒకటీ నలభై అయిదుకి నూట నాలుగు. కింద ఇంకేం లేదు.”

“నీకు చదవడం రాదు కదే.”

“అక్షరాలు రావు. అంకెలు కూడా రావా? రోజుకి నాలుగొందల బస్తాల తూకం చూస్తాను.” ఆమె అరచేతులు కొంగుకు రుద్దుకుంది. “అతను రాసింది నేను తుడిచేశాను. నువ్వు లేనిది రాశావు. ఇద్దరం కలిసి సరిపోయాం.”

దస్తూరి గోడకు జారగిలబడి కూలబడ్డాడు. ఆ ఒంటిగది ఇంట్లో ఎటు చూసినా గోడే కనబడింది. నిజం చెబితే జైలు. చెప్పకపోతే గడియారం మీద నింద. ఇరవై ఆరేళ్ళు అన్నం పెట్టిన చెయ్యి ఇప్పుడు మెడ పట్టుకుంది.

“సోమవారం నాలుగో నంబరు మొదలుపెడతారంట,” అంది ఆమె లేస్తూ. “అదే తలుపు, గొలుసు మాత్రం కొత్తది. నేను దానికి ఇవతలే ఉంటాను. అది తలుచుకుని సంతకం పెట్టు.”

*

ఆదివారం సాయంత్రం గడియారం భార్య అందరినీ తన క్వార్టరు ముందుకు పిలిచింది. వస్తారో రారో అనుకుంది గానీ వాకిలి నిండి వీధిలోకి పొర్లింది జనం. పర్మనెంటు వాళ్ళు ఒకవైపు, కాంట్రాక్టు వాళ్ళు ఒకవైపు. ఎప్పుడూ అలాగే నిలబడతారు. పర్మనెంటు వాళ్ళ యూనియన్లో కాంట్రాక్టు వాళ్ళకు చోటులేదు మరి.

ఆమె ఒక కాగితం ఎత్తి చూపించింది. “మా ఆయన తప్పువల్లే పేలిందని నేను ఒప్పుకుని సంతకం పెట్టాలంట. రేపు పెట్టకపోతే ఇల్లు ఖాళీ చెయ్యాలంట. ఇంటి సంగతి నేను చూసుకుంటాను. మీరొక్కటి చెప్పండి. ఆయన తప్పు చేశాడా?”

సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు.

“అమ్మా, నీ బాధ మాకు తెలియదా? కానీ ప్లాంటు మూతపడితే నూట నలభై పొయ్యిలు ఆరిపోతాయి. పోయినవాడు ఎలాగూ తిరిగి రాడు. మేనేజరుతో నేను మాట్లాడి...”

“ఏం మాట్లాడతావు?” ప్యాకింగు ఆడవాళ్ళలోంచి ఒకామె విసురుగా అంది. “మొన్న కుర్చీలో కూర్చుని ఒక్క మాటన్నా మాట్లాడావా? కుర్చీ మెత్తగా ఉందా?”

నవ్వులు లేచాయి. సెక్రటరీ మొహం మాడిపోయింది. “కాంట్రాక్టు వాళ్ళకి ఇక్కడ మాట్లాడే హక్కు లేదు.”

“పేలితే మాత్రం మాకూ వాటా ఉందిగా!”

గొడవ పెరిగింది. పర్మనెంటు వాళ్ళలో కొందరు సెక్రటరీ వైపే మాట్లాడారు. ఉద్యోగం పోతే ఈ వయసులో ఎవడిస్తాడన్నారు. వాళ్ళనూ తప్పుపట్టలేం, అది నిజమైన భయమే. అరుపుల మధ్యలో ఫిట్టరు అరుగెక్కాడు. మొరటు మనిషి, ఎప్పుడూ ఎవరితోనో ఒకరితో తగాదా. ఇవాళ గొంతే లేవడం లేదు.

“వైరు కట్టింది నేను,” అన్నాడు. “పోత ఆపే దాని నోరు మూసింది నేను. వద్దని చెప్పాను, వినలేదు, కట్టాను. మొన్న మేనేజరు పిలిచి, బయటపెడితే జైలుకి పోయేది నువ్వేనన్నాడు. అప్పట్నుంచీ తిండి సయించడం లేదు.”

“నాతోనూ అదే మాటన్నాడు,” అన్నాడు వెనక నుంచి వాచ్‌మన్. గడియారం భార్యకు కర్ర అడ్డం పెట్టినవాడే. “తాళం వేసింది నువ్వేనన్నాడు. చెవి నా దగ్గరే ఉంచమన్నది మాత్రం వాళ్ళే.”

దస్తూరి ఉలిక్కిపడ్డాడు. తనొక్కణ్ణే ఆ గదిలోకి పిలిచారనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఒక్కొక్కణ్ణీ పిలిచి, తలుపేసి, అదే మాట! ఒకడి గోతి సంగతి ఇంకొకడికి తెలియకుండా నూట నలభై గోతులు తవ్విపెట్టాడు. మీరే చెప్పండి, రియాక్టరు నడపడం రానివాడికి మనుషుల్ని విడగొట్టడం ఎంత బాగా వచ్చో!

అతను జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. గడియారం భార్య ఎదుట నిలబడ్డాడు గానీ తలెత్తి చూడలేకపోయాడు.

“అమ్మా, నేను అబద్ధం చెప్పాను. పుస్తకమంతా అబద్ధమే. అందరికీ తెలిసిందే అది. తెలియనిది ఇంకొకటుంది. మేనేజరు ఒంటిగంట దగ్గర ఎందుకు ఆగాడో చెప్తాను. కింద ఇంకో గీత ఉంది. రెండు గంటలకు డెబ్భై రెండని.”

ఎవరో ఫక్కున నవ్వారు. తర్వాత ఆ నవ్వినవాడికే అర్థమైంది.

“పేలిపోయాక పది నిమిషాలకా?” అన్నాడు ఫిట్టరు.

“పేలిపోయాక పది నిమిషాలకు.”

గడియారం భార్య చేతిలో కాగితం నాలుగు మడతలు పెట్టింది. “అయితే రేపు ఆ వేలు తీయించండి అన్నయ్యా. నాకు ఇంకేమీ వద్దు,” అంది.

ఆ సాయంత్రం అక్కడే తీర్మానాలు చేసుకున్నారు. వైరు తియ్యాలి. తలుపు తెరవాలి. పోత ఆరుగంటలకు తగ్గకూడదు. రియాక్టరుకొక మనిషి ఉండాలి. ఇవి జరిగేదాకా ఎవరూ ప్లాంటు ముట్టకూడదు. ప్యాకింగు ఆడవాళ్ళు కూడా చేతులెత్తారు, ఎవరూ కాదనలేదు. చీకటి పడకముందే సెక్రటరీ కనబడకుండా పోయాడు. ఎటుపోయాడో ఎవరూ అడగనక్కర్లేకపోయింది.

*

సోమవారం పదకొండింటికి అందర్నీ క్యాంటీనులోకి పంపి బయట నుంచి తలుపులు వేశారు. కిటికీల అవతల పోలీసుల టోపీలు కనబడుతున్నాయి. సెక్రటరీ ముందురోజు చేసిన ఉపకారం అది. ఈసారి గడియారం భార్య లోపలే ఉంది. ప్యాకింగు ఆడవాళ్ళు ఆమెను మధ్యలో పెట్టుకుని తోసుకొచ్చారు. వాచ్‌మన్ కర్ర గోడకు ఆనించి ఉంది.

“ఇక్కడ సంతకం పెట్టు,” ఇన్‌స్పెక్టరు కాగితం జరిపాడు. పక్కనే లాగ్‌బుక్కు, దాని మీద అదే బొటనవేలు.

దస్తూరి కలం అందుకున్నాడు. అందుకుని ఆగిపోయాడు. కాళ్ళ కింద నేల సన్నగా వణుకుతోంది. ఇరవై ఆరేళ్ళు ఆ నేల మీద నిలబడ్డవాడికి ఆ వణుకు పేరు తెలుసు.

“సార్, నాలుగో నంబరు పోత పంపు నడుస్తోంది,” అన్నాడు.

“నువ్వు సంతకం సంగతి చూడు,” అన్నాడు మేనేజరు.

“ఇక్కడ నూట నలభైమందిమి ఉన్నాం. అక్కడ ఎవరున్నారు?”

మేనేజరు కాగితాన్ని ఇంకాస్త ముందుకు జరిపాడు. మేమెవరం గేటు దాటకముందే తెల్లవారుజామున ఇంకెక్కణ్ణుంచో నలుగురిని తెచ్చి బ్యాచి మొదలుపెట్టించాడన్నమాట. అనుమతి సంగతి తర్వాత, సరుకు ముందు. దస్తూరి కలం కింద పెట్టేశాడు.

“సార్, వేలు తియ్యండి.”

“ఏంటీ?”

“వేలు తియ్యండి సార్. రెండు గంటలది కూడా చదవండి.”

“చదవండి!” అన్నాడు ఫిట్టరు. “చదవండి!” అన్నారు ఆడవాళ్ళు. ఆ మాట హాలంతా పాకింది. ఇన్‌స్పెక్టరు మేనేజరు మొహం చూశాడు, జనాన్ని చూశాడు, తలుపులు బయట నుంచి వేసి ఉన్న సంగతి గుర్తొచ్చినట్టుంది, తనే చెయ్యి చాచి పుస్తకం లాక్కున్నాడు.

“రెండు గంటలకు... డెబ్భై రెండు.” కళ్ళజోడు సర్దుకున్నాడు. “ప్రమాదం ఒకటీ యాభైకి కదా?”

“అవును సార్. పేలిపోయిన రియాక్టరుకి వేడి కొలిచిన మొనగాణ్ణి నేనే,” అన్నాడు దస్తూరి. “అన్నీ పొద్దున్న ఆరింటికే రాశాను. ఆ రోజే కాదు, మూడేళ్ళుగా. నిజం రాసినవాణ్ణి మా కళ్ళముందే తీసేశారు. పోయినవాడు నిజం స్తంభం మీద రాశాడు.”

“ఒకటీ నలభై అయిదుకి నూట నాలుగు,” అంది దస్తూరి భార్య. “దాని మీద సున్నం వేసింది నేనే. కావాలంటే గీకి చూసుకోండి.”

“వైరు నాది!” అని అరిచాడు ఫిట్టరు. మిగతావి ఎవరు ఏమన్నారో వినబడలేదు.

“వీణ్ణి పట్టుకోండి, దొంగరాతలు రాశానని వాడే ఒప్పుకున్నాడు!” మేనేజరు కిటికీ వైపు కేకేశాడు. పోలీసులు తలుపు తీశారు. లోపలికి రావడానికి తీశారు గానీ, తీసిన తలుపులోంచి నూట నలభైమంది బయటికి పోయారు.

బ్లాకు మూడో అంతస్తులో నలుగురు కొత్తవాళ్ళు బిక్కమొహాలేసుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళ చేతిలో కొత్త లాగ్‌బుక్కు.

“ఎంతుంది?” దస్తూరి రొప్పుతూ అడిగాడు.

“మాకు తెలీదన్నా. డెబ్భై రెండు రాయమన్నారు, రాశాం.” రెండింటి దాకా అన్ని గళ్ళూ నిండి ఉన్నాయి.

మీటరులో ఎనభై ఏడు.

ఫిట్టరు ఒక్క ఉదుటున పెట్టె తెరిచి వైరు తెంపాడు. టక్కుమని చప్పుడు. పోత వాల్వు తనంతట తనే మూసుకుంది. మూడేళ్ళ తర్వాత ఆ ఏర్పాటు చేసిన మొదటి పని అది. కానీ పోసినది పోసినట్టే ఉంది లోపల. అది కలుస్తూనే ఉంటుంది, వేడెక్కుతూనే ఉంటుంది.

“ఒకటీ రెండూ ఖాళీగా ఉన్నాయి. వాటికి పోయే చల్లనీళ్ళు మొత్తం దీనికి తిప్పండి. లోపల కలిపే యంత్రం మాత్రం ఆపొద్దు, ఆపితే ఒకచోట గడ్డకట్టినట్టు వేడి పేరుకుంటుంది. మనం ఆపితే పద్ధతిగా ఆపుతాం,” అన్నాడు దస్తూరి. నలుగురు కొత్తవాళ్ళలో ఇద్దరు పారిపోయారు. ఇద్దరు మాత్రం “ఏ వాల్వు అన్నా?” అని అడిగారు.

కింద నుంచి సుత్తి దెబ్బలు. ప్యాకింగు ఆడవాళ్ళు తమవైపు నుంచి గొలుసు పగలగొడుతున్నారు. వాచ్‌మన్ తాళంచెవి పట్టుకుని పరిగెత్తుకొచ్చేసరికి తాళం నేల మీదుంది. తలుపు బార్లా తెరుచుకుంది. గడియారం భార్య ఆ తలుపుకు అడ్డంగా ఒక బస్తా లాగి పెట్టింది, మళ్ళీ మూసుకోకుండా.

“ఎంతుంది?” కింద నుంచి అరిచారు.

“ఎనభై తొమ్మిది!” ఒక మెట్టు మీద నుంచి ఇంకో మెట్టుకి, బ్లాకు నుంచి వాకిట్లోకి, వాకిట్లోంచి గేటు దాకా మనిషికి మనిషి ఆ అంకె అందించుకున్నారు. గేటు పక్క ప్రహరీ గోడ మీద దస్తూరి భార్య సుద్దముక్కతో రాసింది. గోడ బయట వీధిలో జనం పోగయ్యారు.

తొంభై ఒకటి. తొంభై రెండు. తొంభై రెండు. మళ్ళీ తొంభై రెండే. ఆ పది నిమిషాలూ పోలీసులు కూడా బ్లాకులోకి అడుగుపెట్టలేదు. తర్వాత పైనుంచి దస్తూరి గొంతే వినిపించింది, ఏడుస్తున్నట్టు.

“తొంభై!”

*

వేడి ఎనభైకి దిగాక పోలీసులు దస్తూరిని మెట్ల దగ్గర పట్టుకున్నారు. దొంగరాతలు, ప్లాంటును దౌర్జన్యంగా ఆక్రమించడం, ఇంకా ఏవేవో చదివారు. మేనేజరు మీద ఏమీ చదవలేదు. ఇన్‌స్పెక్టరు లాగ్‌బుక్కు సంచిలో పెట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా కారెక్కాడు. అనుమతి మాత్రం ఇవ్వలేదు. వ్యానులోకి ఎక్కించేటప్పుడు ఫిట్టరు వచ్చి పక్కన కూర్చున్నాడు. “నీ పేరు లేదు, దిగు,” అన్నాడు పోలీసు. “వైరు నాది, రాసుకో,” అన్నాడు ఫిట్టరు.

వ్యాను గేటు దాకా వచ్చి ఆగిపోయింది. గేటుకు అడ్డంగా జనం కూర్చున్నారు. పర్మనెంటు వాళ్ళెవరో, కాంట్రాక్టు వాళ్ళెవరో ఎవరికీ తెలియదు ఇప్పుడు. పైన నాలుగో నంబరు దగ్గర అయిదుగురున్నారు. ఒక్క మీటరుకు అయిదుగురు! అది పూర్తిగా చల్లబడేదాకా దిగేది లేదన్నారు.

“లేవండి, లేవండి,” లాఠీ ఊపుతూ పెద్ద పోలీసు అన్నాడు.

“రెండు కానివ్వండి సార్,” అంది గడియారం భార్య.

“రెండయితే ఏమవుతుంది?”

“రెండు గంటల అంకె రాయాలి.”

దస్తూరి వ్యాను జాలీలోంచి గోడను చూశాడు. అంకెలు వంకరటింకరగా ఉన్నాయి. తొమ్మిది పడిపోతున్నట్టుంది, ఎనిమిది ఒకవైపు ఉబ్బిపోయింది. చివర “2” అని వేసి, పక్కన చోటు వదిలి ఉంది. అతని భార్య సుద్దముక్క పట్టుకుని గోడ ఎదుట నిలబడి ఉంది. ఇంకా తొమ్మిది నిమిషాలుంది.

ఆమె రాయలేదు. డెబ్భై ఆరో, డెబ్భై ఏడో అవుతుందని అందరికీ తెలుసు. అయినా రాయలేదు. ఈ మూడేళ్ళలో తను ఒక్కసారైనా అలా ఆగాడా అని దస్తూరి ఆలోచించాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీగా లేవు.

లాఠీ పట్టుకున్నవాడు కూడా వాచీ చూసుకున్నాడు. ఎవరూ లేవలేదు. సరిగ్గా రెండింటికి పైనుంచి ఒక కేక లేచింది. మెట్లు దిగి, వాకిలి దాటి, నూట నలభై నోళ్ళ మీదుగా గేటు దగ్గరికొచ్చింది.

“డెబ్భై ఆరు!”

ఆమె అప్పుడు రాసింది.